లావు గీత, సన్న గీత

మీ ఇంటికి ఎవరైనా పెళ్ళి శుభలేఖ తెచ్చి ఇచ్చినప్పుడు దాన్ని పారెయ్యకుండా దాచి పెట్టండి. దాని పక్కన ఆనాటి వార్తాపత్రికను పరచండి. భూతద్దం ఉంటే అదీ తెచ్చుకోండి. ఇప్పుడు రెండిటిలోనూ ఒకే అక్షరాన్ని, ‘శ’ అనుకోండి, వెతికి పట్టుకుని పోల్చి చూడండి.

శుభలేఖలో వధూవరుల పేర్లు వేసిన అక్షరాలు చాలాసార్లు ఎంతో సొగసుగా ఉంటాయి. అక్షరపు గీత ఒకచోట చింతకాయలాగా ఉబ్బుతుంది, మలుపు తిరిగేసరికి వెంట్రుకలాగా సన్నబడుతుంది, మళ్ళీ ఉబ్బుతుంది. పత్రికలోని వార్తల అక్షరాలు అలా ఉండవు. వాటిలో కూడా లావూ సన్నమూ ఉంటాయి గాని, ఆ తేడా చాలా తక్కువ. నెమలినీ కోడినీ పక్కపక్కన నిలబెట్టినట్టుంటుంది.

అంత అందమైన అక్షరం చేతిలో ఉండగా పత్రిక అంతా దానితోనే ఎందుకు అచ్చువెయ్యకూడదు? ఈ ప్రశ్న పిల్లలే కాదు, అచ్చుపనిలో తలపండినవాళ్ళు కూడా వేసుకున్నారు. దీనికి జవాబు చెప్పాలంటే ముందు అక్షరానికి లావూ సన్నమూ ఎక్కడినుంచి వచ్చాయో తెలుసుకోవాలి.

మన పూర్వులు కాగితం మీద రాసేవారు కారు. తాటాకు మీద గంటంతో గీసేవారు. గంటం ఇనుప మొన గలది. అది ఆకును చెక్కుతుందే తప్ప సిరా పూయదు. గీసిన తరవాత మసిగాని, పసరుగాని రుద్దితే గాట్లలో నిలిచి అక్షరాలు కనిపిస్తాయి. గంటం ఎటు లాగినా గీత వెడల్పు ఒకటే. అందుచేత తాటాకు అక్షరానికి లావూ లేదు, సన్నమూ లేదు. తాటాకు ఈనెల వెంట నిడుపుగా అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుందనీ, అందుకే మన అక్షరాలు గుండ్రబడ్డాయనీ పెద్దలు చెబుతారు.

రాతి మీద ఉలితో చెక్కిన అక్షరాల సంగతీ దాదాపు అంతే. నల్లగొండ ప్రాంతంలోని పానగల్లులోనూ, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న పిల్లలమర్రిలోనూ కాకతీయుల కాలపు గుళ్ళున్నాయి. అక్కడి శాసనాల రాళ్ళ మీద చెయ్యి పెట్టి తడిమితే అక్షరాలు వేళ్ళకు తగులుతాయి. ఏడెనిమిది వందల ఏళ్ళుగా ఎండా వానా తిన్నా, ఇంకా చదవవచ్చు. శిల్పి గీతను సన్నగా గీసి ఉంటే ఈపాటికి అది అరిగి మాయమై పోయేదే.

ఆ పాత శాసనాలలో మరొక వింత ఉంది. ఇంకా వెనక్కి పోయి, తుంగభద్ర ఒడ్డున ఆలంపురంలో చాళుక్యులు గుళ్ళు కట్టిన 7, 8 శతాబ్దాల నాటి దక్షిణాది లిపిని చూస్తే, అక్షరాల నెత్తిన చిన్న గీటు ఉంటుంది. ఇప్పుడు మనం ‘క’ మీదా, ‘త’ మీదా పెడుతున్న తలకట్టు ఆ గీటు నుంచే క్రమంగా పెరిగిందని లిపి పండితులు చెబుతారు. ఇంగ్లీషు అక్షరాలకు కూడా ఇలాంటిదే ఒకటి ఉంది. పుస్తకంలో అచ్చయిన ‘ఐ’ అనే పెద్ద ఇంగ్లీషు అక్షరాన్ని చూడండి. నిలువు గీతకు పైనా కిందా చిన్న పాదాలుంటాయి. వాటిని సెరిఫ్‌లంటారు. రోము నగరంలో రెండువేల ఏళ్ళ నాటి రాతి శాసనాలలోనే అవి ఉన్నాయి. వాళ్ళు పాదం దగ్గర ఉంచుకున్నదాన్ని మనం నెత్తిన పెట్టుకున్నామన్నమాట. పోలిక అంతవరకే. వాళ్ళ పాదం తీసేసినా అక్షరం మారదు. మన తలకట్టు తీస్తే అక్షరమే మారిపోతుంది.

ఇక లావూ సన్నమూ ఎలా పుడతాయో మీరే చేసి చూడవచ్చు. రెండు పెన్సిళ్ళు తీసుకోండి. మొనలు సమానంగా వచ్చేలా పక్కపక్కన పెట్టి దారంతో గట్టిగా కట్టండి. రెండు మొనలూ ఎడమా కుడిగా ఉండేలా కాగితం మీద ఆనించి, చెయ్యి తిప్పకుండా పైనుంచి కిందికి గీత గీయండి. రెండు గీతలు పడతాయి. వాటి మధ్య ఎడమే మీ కలం వెడల్పు అనుకోండి. అది లావు గీత. ఇప్పుడు అలాగే ఎడమనుంచి కుడికి గీయండి. ఒక మొన నడిచిన దారినే రెండోది నడుస్తుంది. అది సన్న గీత.

ఈసారి ఒక పెద్ద సున్న చుట్టండి. రెండు సున్నలు ఒకదాని మీద ఒకటి కొంచెం తప్పుకుని పడతాయి. ఆ మధ్య ఖాళీని పెన్సిలుతో నింపండి. చూశారా! రెండు పక్కలా లావు, పైనా కిందా సన్నం. ఇప్పుడు మొనలు ఒకదాని కింద ఒకటి ఉండేలా చెయ్యి తిప్పి మళ్ళీ సున్న చుట్టండి. ఈసారి పైనా కిందా లావు, పక్కల సన్నం. కలం అదే, చెయ్యి అదే, సున్న అదే. కలం పట్టిన వాలు మారేసరికి అక్షరం వేషం మారిపోయింది.

చీలిక కొన గల రెల్లు కలం చేసే పని సరిగ్గా ఇదే. నిజాం కాలంలో హైదరాబాదులో ఉర్దూ పత్రికలను ఇలాంటి కలంతోనే రాసేవారు. అవును, రాసేవారు! కాతిబు అనే లేఖకుడు పత్రికంతా చేత్తో అందంగా రాస్తే, దాన్ని రాతి పలక మీదికి ఎక్కించి అచ్చు తీసేవారు. ఇప్పుడు గోడల మీదా, దుకాణాల బోర్డుల మీదా రంగులతో రాసే పెయింటరు చేతిలోని చదును కుంచె కూడా అలాంటిదే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పెయింటర్లు తగ్గిపోయారు గాని, మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే పని చేస్తుండగా ఒక గంట నిలబడి చూడండి. కుంచెను వేళ్ళ మధ్య ఎలా దొర్లిస్తారో చూడటం సర్కస్ చూడటం కన్న తక్కువేమీ కాదు.

రెండో పద్ధతి ఒకటి ఉంది. ఉక్కు పాళీ గల కలాన్ని సిరాలో ముంచి రాసేటప్పుడు, కిందికి లాగుతూ నొక్కితే పాళీ రెండుగా విచ్చుకుని గీత లావవుతుంది. పైకి పోతూ తేలిస్తే పాళీ మూసుకుని గీత సన్నబడుతుంది. ఇక్కడ వాలు కాదు, నొక్కుడు ముఖ్యం. 18వ శతాబ్దంలో ఐరోపాలో బాతు ఈకను సన్నని మొనగా చెక్కి ఇలాగే రాసేవారు. చూసినవాళ్ళకు ఆ రాత మహా ముచ్చటగా ఉండేది. దాన్ని అచ్చులోకి తేవాలని కొందరికి బుద్ధి పుట్టింది.

వారిలో ఒకడు ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నివాసి జాన్ బాస్కర్‌విల్. ఇతను 1706లో పుట్టాడు. మొదట పిల్లలకు చేతిరాత నేర్పేవాడు. రాళ్ళ మీద అక్షరాలు చెక్కేవాడు. తరవాత మెరుగు పూసిన పళ్ళేల వ్యాపారం చేసి డబ్బు గడించాడు. ఆ డబ్బంతా అచ్చుపనిలో పోశాడు. తన అక్షరాలలోని సన్న గీతలు చక్కగా పడాలంటే మామూలు గరుకు కాగితం పనికిరాదని నునుపైన కాగితం సంపాదించాడు. నల్లటి సిరా స్వయంగా తయారు చేసుకున్నాడు. 1757లో ఆయన అచ్చువేసిన వర్జిల్ కావ్యం చూసి రసికులు మెచ్చుకున్నారు.

కాని అందరూ మెచ్చుకోలేదు. ఆ సన్న గీతలు కళ్ళను పొడుస్తున్నాయనీ, ఇలాంటి పుస్తకాలు చదివితే దేశంలో అందరికీ చూపు పోతుందనీ కొందరు దుమ్మెత్తి పోశారు. అప్పుడు అమెరికా నుంచి వచ్చి ఇంగ్లండులో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక తమాషా చేశాడు. ఫ్రాంక్లిన్ పేరు మీరు వినే ఉంటారు. గాలిపటంతో మెరుపును పరీక్షించిన వాడు. ఆయన అసలు వృత్తి అచ్చుపనే. బాస్కర్‌విల్ అక్షరాలను తిడుతున్న ఒక పెద్దమనిషి దగ్గరికి ఒక కాగితం పట్టుకుపోయి, “ఇవి బాస్కర్‌విల్ అక్షరాలు. వీటిలో తప్పేమిటో కాస్త చూపిస్తారా?” అని అడిగాడు. పెద్దమనిషి వెంటనే ఒక్కొక్క అక్షరం మీదా వేలుపెట్టి ఇక్కడ పొందిక లేదు, అక్కడ పొందిక లేదు అంటూ తప్పులు చూపించాడు. చూస్తుండగానే కళ్ళు నొప్పి పుడుతున్నాయని కూడా అన్నాడు. నిజానికి ఫ్రాంక్లిన్ పట్టుకుపోయిన కాగితం మీద ఉన్నవి కాస్లన్ అనే మరొకరి అక్షరాలు. ఆ పెద్దమనిషి రోజూ హాయిగా చదువుతున్న పుస్తకాలలోని అక్షరాలే! పేరు కనిపించకుండా ఫ్రాంక్లిన్ కాగితం పైభాగం చింపేశాడు. ఈ సంగతంతా ఆయనే బాస్కర్‌విల్‌కు ఉత్తరం రాశాడు.

బాస్కర్‌విల్ చూపిన దారిలో ఫ్రాన్సులో ఫిర్మిన్ దిదో, ఇటలీలోని పార్మా పట్టణంలో జాంబతీస్తా బొదోనీ ఇంకా ముందుకు పోయారు. వారి అక్షరాలలో లావు గీత స్తంభంలాగా ఉంటే, సన్న గీత సాలెపోగులాగా ఉంటుంది. పాదాలు కూడా సన్నని సరళరేఖలే. బొదోనీ జీవితమంతా అక్షరాలు చెక్కుతూ గడిపి 1813లో చనిపోయాడు. ఆయన అక్షరాల నమూనాలన్నిటినీ రెండు సంపుటాలుగా 1818లో ఆయన భార్య వెలువరించింది. ఈనాటికీ నగలు, సెంట్లు, పట్టుబట్టలు అమ్మే కంపెనీలు తమ పేర్లకు ఆ వంశపు అక్షరాలనే ఏరుకుంటాయి.

అందం అలా ఉండగా, ఇప్పుడు లెక్క చూడండి. అచ్చుపనివాళ్ళు అక్షరాల పరిమాణాన్ని పాయింట్లలో కొలుస్తారు. 72 పాయింట్లు ఒక అంగుళం. ఒక అంగుళం ఎత్తు గల పెద్ద అక్షరంలో సన్న గీత ఆ ఎత్తులో 60వ వంతు ఉందనుకోండి. అంటే అది సుమారు 0.42 మిల్లీమీటర్లు. చక్కగా కనిపిస్తుంది. అదే అక్షరాన్ని వార్తలు వేసే 12 పాయింట్లకు తగ్గిస్తే, సన్న గీత 0.07 మిల్లీమీటర్లకు దిగుతుంది. అది మీ తలవెంట్రుక మందం! చౌక కాగితం గరుకుగా ఉంటుంది, సిరాను పీల్చుకుంటుంది. ఆ కాగితం మీద అంత సన్న గీత సగం చోట్ల పడదు, పడిన చోట పాకిపోతుంది.

అందుచేత తెలిసిన అచ్చుపనివాళ్ళు ఒక ఉపాయం చేసేవారు. పెద్ద అక్షరం బొమ్మనే చిన్నది చెయ్యకుండా, ఒక్కొక్క పరిమాణానికీ అక్షరాన్ని మళ్ళీ కొత్తగా చెక్కేవారు. చిన్నదానిలో సన్న గీతను కాస్త బలంగా ఉంచి, లోపలి ఖాళీలను కాస్త విప్పేవారు. శీర్షికకు వేరు, వార్తకు వేరు. పెళ్ళికి పట్టుపంచె, పొలానికి గోచీ అన్నట్టు.

ఇంగ్లీషులో సన్న గీత పడకపోతే అక్షరం అందం చెడుతుంది. తెలుగులో అలా కాదు, అర్థమే చెడుతుంది. ‘ద’కూ ‘ధ’కూ తేడా ఎంత? కింద చిన్న గీటు. ఆ గీటు పడకపోతే ‘ధార’ కాస్తా ‘దార’ అవుతుంది. ధార అంటే ప్రవాహం, దార అంటే భార్య! ‘ఫలము’లో గీటు ఎగిరిపోతే ‘పలము’ అవుతుంది. అది పాతకాలపు తూకం. గుడిదీర్ఘం కొస విరిగిందంటే ‘చీర’ ‘చిర’ అవుతుంది. వీటికి తోడు వరస కింద వేలాడే వత్తులు. అవి అసలే చిన్నవి. తలకట్లు, గుడులు, వత్తులు, గీట్లు: మన భాషలో పని చేసేవన్నీ చిన్న ముక్కలే. తెలుగు అక్షరానికి సొగసు పెట్టేవాడు ఈ చిన్న ముక్కల ప్రాణం కాపాడుతూ పెట్టాలి.

సీసపు అక్షరాల కాలంలో ఇది మరీ కష్టం. ఉక్కు కడ్డీ కొన మీద అక్షరాన్ని తలకిందుగా, అద్దంలో కనిపించినట్టు చెక్కి, దాన్ని రాగిబిళ్ళ మీద కొడితే గుంట పడుతుంది. ఆ గుంటలో సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి కరిగించి పోస్తే అచ్చు అక్షరం తయారవుతుంది. ఉత్త సీసం మెత్తనిది. ఆంటిమొనీ దానికి గట్టిదనం ఇస్తుంది. చల్లారేటప్పుడు ముడుచుకుపోకుండా చూస్తుంది. అయినా యంత్రం కింద వేలసార్లు నలిగేసరికి మొట్టమొదట విరిగేవి సన్న గీతలే.

అక్షరాల సంఖ్య కూడా తక్కువేమీ కాదు. ఇంగ్లీషుకు పెద్దవీ చిన్నవీ కలిపి 52 అక్షరాలు. తెలుగులో హల్లులు 36 అనుకుని, ఒక్కొక్కదానికి 12 గుణింతాలు లెక్క వేస్తే 432. ఇవి కాక అచ్చులు, వత్తులు, అంకెలు, చుక్కలు, కామాలు. కొన్నిటిని ముక్కలుగా పోసి కలుపుకోవచ్చు గనక లెక్క కొంత తగ్గుతుంది. అయినా కంపోజిటరు ముందు గళ్ళు గళ్ళుగా చెక్క కేసులు గోడలాగా నిలబడి ఉండేవి. అతను చూడకుండానే చెయ్యి చాపి కావలసిన గడిలోనుంచి అక్షరాన్ని తీసి, ఎడమచేతిలోని స్టిక్కులో తలకిందుగా పేర్చుకుంటూ పోయేవాడు.

తెలుగు పుస్తకాలు మొదట అచ్చయిన చోటు తెలుగుదేశం కాదు. 1746, 47 ప్రాంతాల జర్మనీలోని హాలే పట్టణంలో, బెంజమిన్ షుల్జ్ అనే మతప్రచారకుడి పూనికతో అచ్చయినాయి. తరవాత 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం బెంగాలులోని సేరాంపూరులో వెలువడింది. క్రమంగా మద్రాసు తెలుగు అచ్చుకు కేంద్రమయింది. నైజాం రాజ్యంలోని తెలుగువాళ్ళకు మాత్రం అచ్చు అక్షరం చాలా ఆలస్యంగా అందింది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగే అయినా కచేరీల భాష, చదువుల భాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన ఒక మహాసభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి ఆయన్ను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం భరించలేక తెలుగువాళ్ళు కొందరు అప్పటికప్పుడు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు ఆంధ్రజన సంఘం.

మరుసటి సంవత్సరమే, అంటే 1922లో, నల్లగొండనుంచి ‘నీలగిరి’ అనే వారపత్రిక బయలుదేరింది. నల్లగొండకు నీలగిరి అనేది పాత పేరు. సంపాదకులు షబ్నవీసు వెంకటరామ నరసింహారావు. అదే ఏడు వరంగల్లు వైపు ఇనుగుర్తి అనే పల్లెటూరినుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రికను తెచ్చారు. పల్లెటూళ్ళో అచ్చుయంత్రం! అంతకు ముందే 1913లో మహబూబ్‌నగరు నుంచి ‘హితబోధిని’ అనే మాసపత్రిక కొంతకాలం నడిచింది.

మహబూబ్‌నగరు జిల్లా నుంచే మరొకరు వచ్చారు. ఆయన పేరు సురవరం ప్రతాపరెడ్డి. 1896 మే 28న పుట్టారు. స్వగ్రామం ఇటిక్యాలపాడు, ఇప్పుడది జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. వకీలు చదువు చదివి కూడా దాన్ని పట్టుకుని ఉండకుండా, 1926 మే 10న హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించారు. వారానికి రెండుసార్లు వచ్చేది. వ్యాసాలు రాయడం మొదలు ప్రూఫులు దిద్దడం దాకా ఆయనే చూసుకునేవారని చెప్పుకుంటారు. ప్రూఫు దిద్దడమంటే ‘ధార’ ‘దార’ కాకుండా కాపలా కాయడమే గదా!

గోలకొండ పత్రికకు ఉన్నది పేద పాఠకులు, చౌక కాగితం. బొదోనీకి పార్మా ప్రభువు అండ ఉంది. బాస్కర్‌విల్‌కు పళ్ళేల వ్యాపారంలో వచ్చిన డబ్బుంది. ప్రతాపరెడ్డిగారికి కావలసిన అక్షరం నెమలి కాదు. దూరాన ఏ వనపర్తి తాలూకా పల్లెలోనో ఒక్కడు బిగ్గరగా చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుని వినే పత్రికలో, ఆ చదివేవాడికి బుడ్డిదీపం వెలుతురులో తడుముకోకుండా ఆనేది ఒక్కటే అందమైన అక్షరం. ఆ రోజుల్లో పత్రికలు అలాగే చదివేవారు.

కొన్నాళ్ళకు, నిజాం తెలంగాణంలో తెలుగు కవులు లేరని ఒకరు రాశారు. ప్రతాపరెడ్డిగారు దానికి కోపంగా జవాబు రాసి ఊరుకోలేదు. ఊరూరా ఉన్న కవులకు కబురు పెట్టి, వారి పద్యాలు తెప్పించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను అచ్చువేశారు. అందులో 354 మంది కవులున్నారు. అంతవరకూ వాళ్ళలో చాలామంది పేర్లు అచ్చులో పడినవి కావు. కవులు లేకపోవడం కాదు, వాళ్ళకు అచ్చు అక్షరాలు లేకపోవడమే సంగతి. గద్వాల, వనపర్తి సంస్థానాలలో ఎన్నో తరాలుగా పండితులు పద్యాలు చెబుతూనే ఉన్నారు. వాటిని తాటాకులు ఎరుగును, ఊళ్ళోవాళ్ళు ఎరుగుదురు. పక్క జిల్లావాళ్ళు ఎరగరు.

ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలు తక్కువ, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్నదే ఎక్కువ. అలాంటి పుస్తకం ముందుగా మీకు నచ్చుతుందనుకుంటాను. ఆయన 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో ఆ బహుమతి అందుకున్న మొట్టమొదటి పుస్తకం అదే.

ఇక సీసపు అక్షరాల కాలం వెళ్ళిపోయింది. ఇప్పుడు అక్షరాన్ని కంప్యూటరులో చుక్కలూ వంపులూ పెట్టి గీస్తారు. 1991లో ప్రపంచంలోని లిపులకు అంకెలు ఇస్తూ యూనికోడ్ అనే పట్టిక వచ్చింది. అందులో తెలుగుకు 128 గదులు కేటాయించారు. ‘క’ అంటే ఏ దేశపు కంప్యూటరుకైనా ఒకటే అంకె. ఆ అంకెకు ఏ రూపు తొడగాలన్నది అక్షరం గీసేవాడి ఇష్టం. ఆ రూపుల కట్టనే ఫాంటు అంటారు. ఇంగ్లీషుకు వేలాది ఫాంట్లుండగా తెలుగుకు చాలాకాలం వేళ్ళమీద లెక్కించేటన్ని మాత్రమే ఉండేవి. కారణం మీరు ఊహించగలరు. 52 అక్షరాలు గీయడం ఎక్కడ, ఇన్ని వందల రూపులు గీయడం ఎక్కడ!

ఆ కొరత తీర్చడానికి అమెరికాలో స్థిరపడిన తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర, పురుషోత్ కుమార్ గుత్తుల అనే రూపశిల్పి చేత అనేక తెలుగు ఫాంట్లు తయారు చేయించి 2013 ప్రాంతంలో ఉచితంగా విడుదల చేసింది. వాటికి పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ మొదలైనవారి పేర్లు పెట్టారు. ‘సూరన్న’ అనేది శీర్షికలకు, ఆహ్వానపత్రికలకు, పెద్ద పరిమాణంలో వాడదగ్గది. పింగళి సూరన ఒకే కావ్యంలో రామాయణ భారతాలు రెండూ చెప్పిన ఘనుడు. ఆయన పేరు అలంకారానికి తగిందే. ముఖ్యంగా వార్తాపత్రికల కోసం గీసిన ఫాంటుకు మాత్రం ‘సురవరం’ అని పేరు పెట్టారు.

ఎవరు పెట్టారోగాని బాగా ఆలోచించి పెట్టారు. పట్టుబట్టల అక్షరానికి కాదు, పొలానికి పోయే అక్షరానికి ఆయన పేరు పెట్టారు. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. అచ్చు అక్షరాలు కొనుక్కోవడానికి ఆనాటి సంపాదకులు ఎన్ని ఇబ్బందులు పడ్డారో తలుచుకుంటే ఇది చిన్న సంగతి కాదు.

అయితే కంప్యూటరు ఒక పాత జబ్బును మళ్ళీ తెచ్చింది. సీసపు కాలంలో ఒక్కొక్క పరిమాణానికీ అక్షరాన్ని వేరుగా చెక్కేవారని చెప్పాను గదా? కంప్యూటరులో ఒకే బొమ్మను ఎంతకైనా పెంచవచ్చు, ఎంతకైనా తగ్గించవచ్చు. దాంతో శీర్షికకోసం గీసిన వెంట్రుక గీతల అక్షరాన్ని తీసుకుని కొందరు పేజీలకు పేజీలు వేసేస్తున్నారు. శుభలేఖలో పేర్లు అంత ముచ్చటగా పడ్డా, కిందనున్న ముహూర్తమూ ఊరిదారీ కళ్ళు చికిలించినా ఆనకపోవడం మీరు చూసే ఉంటారు. నన్నడిగితే, భోజనాలు ఎక్కడో తెలియని శుభలేఖ శుభలేఖ కాదు.

మీకు ఓపిక ఉంటే ఇలా చేయండి. చదునుగా ఉన్న వెదురు పుల్లను కొన ఏటవాలుగా కోసి కలం చేసుకోండి. సిరాలో ముంచి, వాలు మార్చకుండా మీ ఊరి పేరు అరచేయంత అక్షరాలతో రాయండి. లావు ఎక్కడ పడిందో, సన్నం ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకోండి. తరవాత భూతద్దంతో పత్రికలో పెద్ద శీర్షికనూ దాని కింది వార్తనూ చూసి, మీ అక్షరం దేనికి చుట్టమో తేల్చుకోండి. ఆపైన అదే పేరును ఆవగింజంత అక్షరాలతో రాసి ఇంట్లో తాతయ్యకో, అమ్మమ్మకో చూపించండి. ఏ గీట్లు వారికి కనిపించలేదో వారే చెబుతారు.